‘సెలబ్రేటెడ్’ అంటే ప్రసిద్ధుడేనా? ఫేమస్, రినౌన్డ్, ఎమినెంట్‌లతో తేడా, తెలుగులో ఏం రాయాలి

సందేహి
ఒక జీవితచరిత్ర తెలుగులోకి వస్తోంది. మూలంలో ‘సెలబ్రేటెడ్’ అనే మాట మూడు రకాలుగా కనిపిస్తోంది. ‘ఎ సెలబ్రేటెడ్ సర్జన్’ ఒకటి, ‘ద సెలబ్రేటెడ్ కేస్’ ఇంకొకటి, ‘షి వాజ్ సెలబ్రేటెడ్ ఫర్ హర్ లెక్చర్స్’ మూడోది. పక్కపక్క పేజీల్లోనే ఫేమస్, రినౌన్డ్, నోటెడ్, ఎమినెంట్ కూడా ఉన్నాయి. అన్నిటికీ ‘ప్రసిద్ధ’ అని పెట్టుకుంటూ పోతే పుస్తకమంతా ఒకే మాట మోగుతోంది. అసలు సెలబ్రేటెడ్‌కీ ఫేమస్‌కీ తేడా ఎక్కడ? చివర్లో రచయిత పరిచయం ఇంగ్లీషులో కూడా రాయాలి, అందులో ఈ మాట వాడొచ్చా?

నిఘంటుప్రియ
తేడా ఉందండి. ఫేమస్ అంటే చాలామందికి తెలిసినవాడు, అంతే. మంచికి తెలిశాడా, వింతకి తెలిశాడా అన్నది ఆ మాట చెప్పదు. సెలబ్రేటెడ్‌లో తెలియడంతో పాటు మెచ్చుకోలు కూడా ఉంది. పదిమంది ఎరుగుదురు, ఎరిగినవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఈ రెండూ కలిస్తేనే ఆ మాట నప్పుతుంది.

పుట్టుక చూస్తే ఇది తేటపడుతుంది. లాటిన్‌లో ‘సెలెబెర్’ అంటే జనం కిక్కిరిసిన, నలుగురూ తరచు వచ్చిపోయే అని అర్థం. దాన్నుంచి ‘సెలెబ్రారె’ అనే క్రియ వచ్చింది. గుమిగూడి ఘనంగా జరపడం, కీర్తించడం అనే అర్థాలు రెండూ అందులోనే ఉన్నాయి. ఇంగ్లీషు ‘సెలబ్రేట్’ ఆ రెండు పాయల్నీ ఇప్పటికీ మోస్తోంది. పుట్టినరోజుని సెలబ్రేట్ చేస్తే జరుపుకోవడం. ఒక పద్యం ఒక వీరుణ్ణి సెలబ్రేట్ చేస్తే కీర్తించడం. సెలబ్రేటెడ్ సర్జన్‌లో ఉన్నది రెండో పాయ.

ఫేమస్‌ది వేరే దారి. లాటిన్ ‘ఫామా’ అంటే జనం నోట నానే మాట, వదంతి, పేరు. మాట్లాడటం అనే ధాతువు నుంచి వచ్చింది. అందుకే ఫేమస్‌లో మాట వ్యాపించడమే ఉంది, మెప్పు తప్పనిసరి కాలేదు. రినౌన్ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, పేరును మళ్ళీ మళ్ళీ చెప్పడం అని. రినౌన్డ్ అన్నప్పుడు ఒక రంగంలో నైపుణ్యం వల్ల చాలాకాలంగా, దూరదూరాలకు పేరు పాకిందన్న ధ్వని ఉంటుంది.

ప్రూఫ్‌రీడర్
రినౌన్డ్ దగ్గర ఒక హెచ్చరిక. ‘ఎ రినౌన్ సైంటిస్ట్’ అని చివరి ఈ-డీ వదిలేసి రాయడం చాలా ఎక్కువ. రినౌన్ నామవాచకం, విశేషణం కావాలంటే ఈ-డీ ఉండాల్సిందే. రెండో తప్పు ఇంకా ముచ్చటైనది: ‘నోన్’ గుర్తొచ్చి మధ్యలో కే అక్షరం దూర్చేస్తారు. ఆ మాటకి ‘నో’ అనే క్రియతో చుట్టరికం లేదు, ‘నేమ్’ వైపు బంధువు. ఉచ్చారణ కూడా ‘రినోన్’ కాదు, ‘టౌన్’తో ప్రాస కలిసే ‘రినౌన్’.

వ్యాకరణం
మూడు వాక్యాల్లో మూడోది జాగ్రత్తగా చూడాలి. సెలబ్రేటెడ్ ఒకచోట విశేషణం, ఇంకోచోట క్రియకు కర్మణి రూపం. గుర్తుపట్టడం ఇలా:

‘ద సెంటెనరీ వాజ్ సెలబ్రేటెడ్ లాస్ట్ వీక్’ అంటే శతజయంతి జరిపారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అనేవి వెంట వస్తే అది క్రియ. ‘షి వాజ్ సెలబ్రేటెడ్ ఫర్ హర్ లెక్చర్స్’లో ‘ఫర్’ వచ్చింది, కారణం చెబుతోంది. ఆమె ఉపన్యాసాలకు పేరుగాంచింది అని. ‘ఫర్’ బదులు ‘యాజ్’ వస్తే హోదా: ‘సెలబ్రేటెడ్ యాజ్ యాన్ ఆరేటర్’, వక్తగా పేరొందిన. ‘బై’ వస్తే మెచ్చుకున్నవాళ్ళు ఎవరో చెబుతుంది: ‘సెలబ్రేటెడ్ బై క్రిటిక్స్’, విమర్శకుల మన్నన పొందిన. తెలుగులో ఫర్‌కి కు/కి, యాజ్‌కి గా అని పెట్టుకుంటే తొంభై పాళ్ళు దారిన పడుతుంది.

ఆర్టికల్ కూడా సాయం చేస్తుంది. ‘దే సెలబ్రేటెడ్ ద విక్టరీ’ అంటే వాళ్ళు గెలుపు సంబరం చేసుకున్నారు. ‘ఎ సెలబ్రేటెడ్ విక్టరీ’ అంటే జనం ఇప్పటికీ చెప్పుకునే గెలుపు. మాట అదే, స్థానం మారింది. యంత్రానువాదం ఇక్కడే బోర్లాపడుతుంది. ‘జరుపుకున్న రచయిత’, ‘జరుపుకునే శాస్త్రవేత్త’ లాంటి వింతలు కనిపిస్తే మూలంలో సెలబ్రేటెడ్ ఉందని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

సందేహి
‘హి ఈజ్ సెలబ్రేటెడ్’ అని అక్కడితో ఆపేయవచ్చా? ‘హి ఈజ్ ఫేమస్’ అంటాం కదా.

వ్యాకరణం
ఫేమస్ ఒంటరిగా నిలబడుతుంది. సెలబ్రేటెడ్ వాక్యం చివర ఒంటరిగా ఉంటే వెలితిగా ఉంటుంది, చదివేవాడు ‘దేనికి?’ అని ఎదురుచూస్తాడు. నామవాచకం ముందు పెడితే ఇబ్బంది లేదు: ‘ఎ సెలబ్రేటెడ్ పెయింటర్’. క్రియ తర్వాత పెడితే ఫర్, యాజ్, బై, ఇన్‌లలో ఏదో ఒకటి తోడివ్వాలి.

తెలుగు వాళ్ళు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. మనకి విశేషణమంతా, ఎంత పొడుగున్నా, నామవాచకానికి ముందే వస్తుంది: ‘అందరూ కొనియాడే కవి’. ఇంగ్లీషులో తోక ఉన్న సెలబ్రేటెడ్ నామవాచకం వెనక్కి వెళ్ళాలి: ‘ఎ పొయెట్ సెలబ్రేటెడ్ బై ఆల్’. తోకతో సహా ముందుకు తెస్తే వాక్యం విరిగిపోతుంది.

అనువాదలత
ఇక ‘సెలబ్రేటెడ్ కేస్’ సంగతి. ఇక్కడ మెప్పు ఉండాలన్న నియమం సడలుతుంది. కోర్టు కేసుల విషయంలో సెలబ్రేటెడ్ అంటే దేశమంతా మాట్లాడుకున్న, వాదవివాదాలు రేగిన కేసు. ఫ్రెంచి నుంచి వచ్చిన ‘కాజ్ సెలెబ్ర’ అనే మాట కూడా ఇదే. 1894లో ఫ్రాన్స్‌లో గూఢచర్యం నేరం మోపి శిక్షించిన సైనికాధికారి డ్రైఫస్ ఉదంతం దీనికి తరచు చెప్పుకునే ఉదాహరణ. 1906లో ఆయన నిర్దోషి అని తేలేదాకా దేశం రెండుగా చీలింది. అక్కడ ఎవరూ కేసుని మెచ్చుకోలేదు. కాబట్టి ‘సంచలనం రేపిన కేసు’, ‘దేశమంతా చర్చించుకున్న కేసు’ అనండి. ‘సుప్రసిద్ధ కేసు’ అంటే అవార్డు వచ్చినట్టుంటుంది.

సర్జన్‌కి ‘పేరుమోసిన’ వద్దు. పేరుమోసిన దొంగ, పేరుమోసిన రౌడీ అని పత్రికలు వాడివాడి ఆ మాటకి మకిలి పట్టింది.

పాతపుస్తకం
అనువాదలత గారూ, ఇది కొంచెం ఎక్కువ చెప్పినట్టుంది. ‘పేరుమోసిన డాక్టరు’, ‘పేరుమోసిన లాయరు’ అని మాటల్లో మెప్పుగానే అంటారు. మోయడంలో చెడు లేదు, పక్కన వచ్చే మాటే రంగు పూస్తుంది.

అనువాదలత
మాటల్లో అంటారు, కాదనను. అచ్చులో, అదీ జీవితచరిత్ర మొదటి పేజీలో, పాఠకుడు ఒక్క క్షణం తడబడినా నష్టమే. ‘పేరొందిన’, ‘పేరెన్నికగన్న’, ‘వాసికెక్కిన’, ‘పేరుగాంచిన’ ఉండగా దానికోసం పట్టుపట్టడం ఎందుకు?

నిఘంటుప్రియ
ఆ నాలుగింటికీ ఎత్తుల్లో తేడా ఉంది. పేరొందిన అన్నిటికన్నా తటస్థం. అది ఫేమస్, వెల్-నోన్‌లకి వదిలేయండి. ప్రఖ్యాత, విఖ్యాత, సుప్రసిద్ధ అనేవి రినౌన్డ్‌కి దగ్గర. పేరెన్నికగన్న అంటే గొప్పవాళ్ళను లెక్కించేటప్పుడు ఆ లెక్కలోకి వచ్చినవాడు, కాబట్టి సెలబ్రేటెడ్‌కి చక్కగా అమరుతుంది. లబ్ధప్రతిష్ఠ పండితులకీ రచయితలకీ బాగుంటుంది, ఆటగాడికీ నటుడికీ బరువెక్కువ. పాటకీ చిత్రానికీ కట్టడానికీ వ్యక్తుల మాటలు అతకవు. అక్కడ ‘అందరి మన్ననలూ అందుకున్న’ అని విడదీసి రాయడమే హాయి.

‘ప్రముఖ’ గురించి ఒక మాట. అది ప్రామినెంట్‌కి సమానం, ముందువరసలో ఉన్నవాడని అర్థం. మన పత్రికల్లో ప్రతి వ్యక్తీ ప్రముఖుడే కావడంతో ఆ మాటలో సారం ఇంకిపోయింది. సెలబ్రేటెడ్‌కి అది పెడితే మెప్పు పూర్తిగా జారిపోతుంది.

ఉచ్చారణ
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. ఈ కుటుంబంలో ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, మారుతుంటుంది, చాలామంది ఒకేలా పలుకుతారు. సెలబ్రేటెడ్‌లో ఊనిక మొదటి అక్షరం ‘సె’ మీద, చివర ‘టిడ్’. సెలబ్రిటీలో రెండో అక్షరం ‘లె’ మీద: సిలెబ్రిటి. సెలబ్రేషన్‌లో మూడోది, ‘బ్రే’. సెలబ్రేటరీ అమెరికాలో మొదటి అక్షరం మీద, బ్రిటన్‌లో ఎక్కువగా ‘బ్రే’ మీద.

రాతలో జాగ్రత్త పడాల్సింది ‘సెలిబేట్’తో. ఆర్ అక్షరం పోయి, రెండో ఈ స్థానంలో ఐ పడి, చివరి డీ కూడా జారితే కీర్తించబడ్డ సన్యాసి కాస్తా బ్రహ్మచారి అయిపోతాడు. అదీ సరైన మాటే కాబట్టి స్పెల్లింగ్ సరిచూసే సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది.

సందేహి
సెలబ్రేటరీ కూడా సెలబ్రేటెడ్‌లాగే వాడొచ్చా?

వ్యాకరణం
కుదరదు. ‘సెలబ్రేటరీ డిన్నర్’ అంటే ఏదో శుభసందర్భానికి ఇచ్చిన విందు. ‘సెలబ్రేటెడ్ డిన్నర్’ అంటే చరిత్రలో పేరు నిలిచిపోయిన విందు. సెలబ్రిటీ ఇంకోటి. అది రెండు రకాలు. ముందు ఆర్టికల్ ఉంటే మనిషి: ‘ఎ సెలబ్రిటీ’. ఆర్టికల్ లేకుండా ‘హర్ సెలబ్రిటీ గ్రూ’ అంటే ఆమె ఖ్యాతి పెరిగింది. ఖ్యాతి అన్న అర్థమే పాతది, మనిషి అన్న అర్థం 19వ శతాబ్దంలో స్థిరపడింది. పాత పుస్తకాల్లో ‘హిజ్ సెలబ్రిటీ’ కనబడితే ఆయనగారి తారలెవరా అని వెతకొద్దు.

ఇంకో సంగతి: సెలబ్రిటీ అయినవాళ్ళంతా సెలబ్రేటెడ్ కారు. తెరమీద రోజూ కనిపించడంతో మొదటిది వస్తుంది. రెండోదానికి చేసిన పని చూపించాలి.

లెక్కలపంతులు
గణితంలో ఈ మాట తెగ వాడతారు. పరిశోధన పత్రాల్లో ‘ద సెలబ్రేటెడ్ థియరమ్ ఆఫ్ ఫలానా’ అని వస్తుంది. బయటి జనానికి ఆ సిద్ధాంతం పేరైనా తెలిసి ఉండదు. ఆ రంగంలో పనిచేసే ప్రతివాడికీ తెలుసు, ప్రతివాడూ దాన్ని గొప్పగా ఎంచుతాడు, అంతే. అంటే ఎవరి మధ్య పేరు అన్నది సందర్భమే చెప్పాలి. నిఘంటుప్రియ గారు చెప్పిన ‘పదిమంది’ ఆ రంగంలో పదిమంది కావచ్చు.

విజయం కూడా అక్కర్లేదు. 1887లో మైకెల్సన్, మోర్లీ చేసిన ప్రయోగం చూడండి. కాంతి ప్రసరించడానికి ఆధారమని అప్పట్లో అనుకున్న ఈథర్ గుండా భూమి కదలికను పట్టుకోవాలని చేస్తే, ఆశించిన తేడా కనబడలేదు. ఆ కనబడకపోవడమే భౌతికశాస్త్రంలో అంత విలువైనది కాబట్టి దాన్ని సెలబ్రేటెడ్ ఎక్స్‌పెరిమెంట్ అంటారు. తెలుగులో ‘ప్రఖ్యాత ప్రయోగం’ సరిపోతుంది. ‘విజయవంతమైన’ అని కలిపితే తప్పు.

పాతపుస్తకం
మిగతా మాటలు కూడా ఈ దారంలోనే పెడితే సందేహి గారికి పని తగ్గుతుంది.

ఎమినెంట్: ముందుకు పొడుచుకొచ్చిన, ఎత్తుగా కనబడే అన్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది. వృత్తుల్లో, విద్వత్తులో ఉన్నతులకి వాడతారు: ఎమినెంట్ జూరిస్ట్, ఎమినెంట్ ఫిజిషియన్. సినిమాకీ భవనానికీ నప్పదు. పక్కనే కాచుకుని ఉన్న ప్రమాదం ‘ఇమినెంట్’, అంటే ముంచుకొస్తున్న అని. ‘ఎమినెంట్ డొమైన్’కి కీర్తితో సంబంధమే లేదు. ప్రజావసరానికి పరిహారం ఇచ్చి ప్రైవేటు ఆస్తిని తీసుకునే ప్రభుత్వాధికారం అది.

ఇలస్ట్రియస్: వెలుగు అన్న అర్థం నుంచి. వంశాలకీ, పూర్వీకులకీ, ముగిసిన జీవితాలకీ ఎక్కువ. బతికున్న తోటివాణ్ణి ‘మై ఇలస్ట్రియస్ కొలీగ్’ అంటే చురక ఉందేమో చూసుకోవాలి.

డిస్టింగ్విష్డ్: ‘ఫర్’తో వస్తే పేరుగాంచిన, ‘ఫ్రమ్’తో వస్తే వేరుచేసి చూపిన. విశ్వవిద్యాలయాల్లో ‘డిస్టింగ్విష్డ్ ప్రొఫెసర్’ చాలాచోట్ల పదవి పేరు. 1886లో మొదలైన బ్రిటిష్ సైనిక పతకం ‘డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్’లోనూ అంతే. పదవుల్నీ పతకాల్నీ విశేషణంలా అనువదిస్తే సమాచారం పోతుంది.

నోటెడ్, నోటబుల్: నోటెడ్ అంటే ఇప్పటికే గుర్తింపు ఉన్న, నోటబుల్ అంటే గుర్తించదగ్గ. మెట్టు చిన్నదే గానీ ఉంది.

స్టోరీడ్: ‘ఎ స్టోరీడ్ కెరీర్’ అంటే కథలుగా చెప్పుకునేంత ఘనమైన వృత్తిజీవితం. ‘త్రీ-స్టోరీడ్’లో మాత్రం మూడంతస్తులు.

సందేహి
ఇన్‌ఫేమస్, నొటోరియస్?

పాతపుస్తకం
ఇన్‌ఫేమస్‌ని ‘పేరులేని’ అనుకోవడం తరచు జరిగే తప్పు. ‘ఇన్’ చూసి మోసపోకూడదు. అది చెడ్డపేరు మోసిన, అపఖ్యాతి పాలైన అని. పలికేటప్పుడు ఊనిక ‘ఇన్’ మీద, ఆ తర్వాత ‘ఫమస్’ అని తేలిగ్గా, ‘ఫేమస్’ కాదు. 1941 డిసెంబర్ 8న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, అంతకు ముందురోజు పెర్ల్ హార్బర్ మీద జరిగిన దాడి గురించి చెబుతూ ఆ తేదీ ‘ఇన్‌ఫమీ’లో నిలిచిపోతుందన్నారు. కీర్తిలో కాదు, కళంకంలో.

నొటోరియస్‌లోనూ చెడే, అయితే నేరస్థులతో ఆగదు. ‘నొటోరియస్‌లీ డిఫికల్ట్ ప్రాబ్లమ్’ అంటే కష్టానికి పేరుపడ్డ లెక్క. అక్కడ ‘అపఖ్యాతి’ అని రాస్తే లెక్క మీద కేసు పెట్టినట్టుంటుంది. ‘ఒక పట్టాన కొరుకుడుపడని’ అనండి.

అనువాదలత
వ్యంగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. ‘హిజ్ సెలబ్రేటెడ్ టెంపర్’ లాంటివి జీవితచరిత్రల్లో తప్పకుండా వస్తాయి. మెచ్చుకోలు మాటను మెచ్చుకోలేని గుణానికి తగిలించి నవ్వుతున్నాడు రచయిత. ‘ఆయన సుప్రసిద్ధ కోపం’ అంటే తెలుగులో నవ్వు రాదు, అతుకులా ఉంటుంది. ‘జగమెరిగిన ఆయన కోపం’ అంటే వస్తుంది.

ఇంకో చిక్కు కాలవాచకం. మేరీ క్యూరీ గురించి ఇలాంటి వాక్యం ఉందనుకోండి: ‘సెలబ్రేటెడ్ ఫర్ డిస్కవరింగ్ పొలోనియం అండ్ రేడియం ఇన్ 1898’. తొందర్లో ‘పొలోనియం, రేడియం కనుగొన్నందుకు 1898లో ఖ్యాతి గడించింది’ అని రాసేస్తాం. సంవత్సరం ఆవిష్కరణది, ఖ్యాతిది కాదు. తొలి నోబెల్ 1903లో, రెండోది 1911లో వచ్చాయి, పేరు క్రమంగా పాకింది. ‘1898లో పొలోనియం, రేడియం మూలకాలను కనుగొన్న శాస్త్రవేత్తగా ఆమెకు ఎనలేని ఖ్యాతి’ అంటే సంవత్సరం తన చోట తాను కూర్చుంటుంది. ఇలాంటి వాక్యం వచ్చినప్పుడు ముందు సంవత్సరం ఏ క్రియకు కట్టుబడిందో పెన్సిల్‌తో గీత గీసి చూడండి.

ప్రూఫ్‌రీడర్
రచయిత పరిచయం గురించి అడిగారు కదా. వద్దండి. సెలబ్రేటెడ్ ఇతరులు అనాల్సిన మాట. తన గురించి తానో, తన ప్రచురణకర్తో అంటే బరువు తగ్గుతుంది. వికీపీడియా శైలి సూచనల్లో ఇలాంటి పొగడ్త విశేషణాలకి ‘పీకాక్’ మాటలని పేరే పెట్టి, వాటి బదులు ఆధారం చూపించమంటారు. ‘సెలబ్రేటెడ్ నావలిస్ట్’ అనే రెండు మాటలు కొట్టేసి, ఎన్ని నవలలు, ఏ బహుమతి, ఏ సంవత్సరం అని ఒక వాక్యం రాయండి. చదివినవాడే మనసులో ఆ విశేషణం వేసుకుంటాడు.

నిఘంటుప్రియ
అట్టమీది మాటకి అంత నిష్ఠ అక్కర్లేదేమో. ప్రచురణకర్త పొగడకపోతే ఎవరు పొగుడుతారు?

ప్రూఫ్‌రీడర్
పొగడమనండి, ‘అక్లెయిమ్డ్’ అనండి. దానికైనా ఎవరు మెచ్చుకున్నారో ఒక సమీక్ష చూపించాల్సి వస్తుంది. అది ఎక్కువగా రచనలకి నప్పుతుంది: ‘హిజ్ క్రిటికలీ అక్లెయిమ్డ్ నావెల్’. ‘ఫేటెడ్’ మాత్రం పెట్టకండి. విందులూ సన్మానాలూ చేసి గౌరవించిన అని దాని అర్థం, ఫ్రెంచి పండుగ మాట నుంచి వచ్చింది. చెవికి విధి రాసిన ‘ఫేటెడ్’ లాగే వినబడుతుంది.

సందేహి
సరే, పరిచయంలోంచి తీసేస్తాను. సర్జన్‌కి ‘పేరెన్నికగన్న’, కేసుకి ‘దేశమంతా చర్చించుకున్న’, మూడోదానికి ‘ఉపన్యాసాలకు పేరుగాంచింది’. ఒక చిన్న సందేహం మిగిలింది. ‘మచ్ సెలబ్రేటెడ్’ మధ్య హైఫన్ పెట్టాలా? ‘వెరీ సెలబ్రేటెడ్’ అనొచ్చా?

వ్యాకరణం
నామవాచకం ముందు వస్తే పెట్టండి: ‘ఎ మచ్-సెలబ్రేటెడ్ ఎస్సే’. క్రియ తర్వాత వస్తే అక్కర్లేదు. వెల్-నోన్‌కీ ఇదే పద్ధతి. ‘వైడ్లీ సెలబ్రేటెడ్’ లాగా ఎల్-వై క్రియావిశేషణం వస్తే ఎక్కడా హైఫన్ వద్దు. ‘వెరీ’ బదులు మచ్, వైడ్లీ, జస్ట్లీ వాడండి. తరతమాలకి ‘మోర్ సెలబ్రేటెడ్’, ‘మోస్ట్ సెలబ్రేటెడ్’ మామూలే. దీనికి ఎల్-వై చేర్చి క్రియావిశేషణం చేయకండి, వాడుకలో లేదు. ఆ పని ‘ఫేమస్‌లీ’ చేస్తుంది. ‘యాజ్ హి ఫేమస్‌లీ సెడ్’ అంటే అందరికీ తెలిసిన ఆయన మాట ప్రకారం అని. ‘దే గాట్ ఆన్ ఫేమస్‌లీ’ అంటే మాత్రం ఇద్దరికీ భలే పొసిగిందని. ఆ పుస్తకంలో ఇది కూడా ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది.